పళ్ళెం కింద పెట్టిన పేరు

మా ఊళ్ళో వెల్లుల్లి తవ్వే రోజులొస్తే, బస్సు దిగకముందే ఊరొచ్చిందని ముక్కు చెప్పేసేది. స్తంభాల మీద లేపిన ఇళ్ళ కింద, మెట్ల పక్కన, చర్చి గోడ వెంబడి, ఎక్కడ చూసినా గుట్టలే. ఇప్పుడా వాసన లేదు. ఎక్కడినుంచో ఓడల మీద తెల్లటి లావుపాటి గడ్డలు సంచులకొద్దీ దిగుతున్నాయి. రెబ్బ నలిపినా చేతికి వాసన అంటదు. ఫిలిప్పీన్స్ ఉత్తరాన వెల్లుల్లికి పేరుపడ్డ ఇలోకోస్‌లో పుట్టి ఆ వెల్లుల్లి కొనుక్కు తినాల్సి రావడం నాకైతే తలకొట్టేసినట్టుంటుంది.

ఆ వాసనతోపాటే నానా టాకియా గుర్తొస్తుంది. బాప్తిజం పేరు యుస్తాకియా. మావైపు అమ్మ వయసు ఆడవాళ్ళని నానా అంటాం. ఆమె మాత్రం ముసలివాళ్ళకీ పసివాళ్ళకీ, చివరికి పాదిరీగారికి కూడా నానాయే. ఎండిన వెల్లుల్లి కాడల్ని జడలుగా అల్లడంలో ఆమెకి ఆమే సాటి. మా మెట్ల కింద నీడలో చాప వేసుకుని, కాళ్ళు బారజాపుకుని, నోటితో ఊరి సంగతులన్నీ చెబుతుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. నాకు తెలిసి ఆమె నోరు కట్టేసుకున్నది ఒకే ఒక్క విషయంలో. నేను చెప్పబోయేది దాని గురించే.

ఆమె మొగుడు కలప కోతకని దక్షిణాన మిందనావోకి వెళ్ళి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఎవరైనా కూపీ లాగబోతే, “పాపం, తోవ తెలీక తప్పిపోయాడ్లే. వెతికితే దొరికిపోతాడేమోనని ఊరుకున్నా,” అనేది. నవ్వి నవ్వి చచ్చేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది. అతని చొక్కా ఒకటి మాత్రం చాలా ఏళ్ళు పొలంలో దిష్టిబొమ్మకి తొడిగి ఉంచింది.

మిగిలింది ఒక్కతే కూతురు. దాని మొదటి పేరు అరోరా. ఈ పేరు కాగితం మీద పెట్టేముందు నేను అటూ ఇటూ చూశాను. నేనిలాంటివి నమ్మే మనిషిని కాను. అయినా చిన్నప్పుడు ఒంటబట్టిన భయం ఎంత వయసొచ్చినా వదలదు కాబోలు.

అరోరాకి ఆరేళ్ళప్పుడు దగ్గు పట్టుకుంది. మొదట అందరూ పొగాకు బట్టీల పొగవల్ల అన్నారు. తర్వాత ఒళ్ళు చిక్కిపోయింది, సాయంత్రమయ్యేసరికి నుదురు కాలిపోయేది. నేను దానికంటే మూడేళ్ళు పెద్ద. మాతో దాగుడుమూతలు ఆడుతుంటే, ఎక్కడ దాక్కున్నా దగ్గే దాన్ని పట్టిచ్చేది. పక్క పట్టణంలో కన్యాస్త్రీలు నడిపే ఆసుపత్రిలో చూపిస్తే టీబీ అన్నారు. చాలాకాలం సూదులు వేయించాలన్నారు. నానా వేయించింది.

అయితే మావాళ్ళు ఒక్క సూదిని నమ్ముకుని ఊరుకునే రకం కాదు. అస్తమానం జబ్బుపడే పిల్లకి పేరు పడలేదని లెక్క. పేరు మార్చేస్తే, జబ్బు గడపలోకొచ్చి పాతపేరుతో పిలుస్తుంది, ఎవరూ పలక్కపోతే ఇల్లు తప్పొచ్చాననుకుని వెనక్కి పోతుంది. దీనికి పాదిరీతో పనిలేదు. చెక్కపళ్ళెం చాలు. ఒక ఆదివారం పొద్దున్న మా వీధి పెద్ద సిమియోన్, గౌరవించాల్సిన వాళ్ళని అపో అంటాం గనక అపో సిమియోన్, వచ్చి, పిల్లని చాప మీద కూర్చోబెట్టి, నెత్తిమీద పళ్ళెం పట్టి, దాని మీద నీళ్ళు పోశాడు. అంచునుంచి కారిన నీళ్ళు దాని భుజాల మీద పడ్డాయి. “అరోరా వెళ్ళిపోయింది. ఈమె డొమింగా,” అన్నాడు. ఆదివారాన్ని మేం డొమింగో అంటాం, అందుకని డొమింగా. ఆయన పెద్దగా ఆలోచించే మనిషి కాదు.

ఆ రోజునుంచి పాతపేరు ఎత్తితే మూతిమీద మిరపకాయ రుద్దుతానని నానా పిల్లలందరినీ బెదిరించింది. ఒక్కసారి నా మూతిమీద రుద్దింది కూడా. బడిలో చేర్పించేటప్పుడు పుట్టిన కాగితాలు అడిగితే, అప్పటిదాకా ఎక్కడా రాయించలేదు గనక, డొమింగా అనే రాయించింది. అప్పట్లో మావైపు సగంమంది పిల్లలకి బడి వయసొచ్చాకే కాగితాల్లో పుట్టుక.

పిల్ల కోలుకుంది. కన్యాస్త్రీలు సూదులవల్ల అన్నారు. అపో సిమియోన్ పళ్ళెంవల్ల అన్నాడు. నేను కాస్త పెద్దయ్యాక నానాని నిలదీశాను.

“నానా, నిజం చెప్పు. సూదులా, పళ్ళెమా?”

“సూదులు వేసింది దానికి. ఇది వేరే పిల్ల. దీనికి జబ్బే లేదు, సూదులెందుకు?”

“ఒక పిల్లే కదా నానా!”

“నీకు చదువెక్కువై బుర్ర తక్కువైందే ఫెర్మీ. వెళ్ళి మేకని కట్టెయ్.”

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషితో ఏం వాదిస్తాం? వెళ్ళి మేకని కట్టేశాను.

డొమింగా పెరిగి పెద్దదై మగాళ్ళతో సమానంగా బస్తాలు మోసేది. మునగాకూ, చేపల ఉప్పురసమూ పోసి వండిన కూరతో దాకెడన్నం తినేది. ఎప్పుడూ మిరపపళ్ళ రంగులో బుగ్గలు. నానాకి మాత్రం అది గాలికి ఆరిపోయే దీపమే. మేనెలలో తొలి వానలో ఊరంతా తడుస్తుంటే దీన్ని గదిలో పెట్టి తలుపేసేది. ఇస్త్రీ చేసి వేడెక్కిన చేతుల్ని నీళ్ళలో పెట్టనిచ్చేది కాదు. చెమట వీపులోకి ఇంకుతుందని జాకెట్టు వెనక తువ్వాలు దోపేది. చిన్నపిల్లలకి మా ఇళ్ళలో అందరూ దోపుతారు. దీనికి పాతికేళ్ళొచ్చినా దోపేది. సంతలో కుర్రాళ్ళు, “డొమింగా, నీ తోక బయటికొచ్చింది!” అని అరిచేవాళ్ళు. ఇది తువ్వాలు లాగి వాళ్ళ మొహాన కొట్టేది. పెళ్ళి మాటలు రెండుసార్లు ఆ తువ్వాలు దగ్గరే ఆగిపోయాయని మా అమ్మ అనేది. అందులో కొంత నిజం లేకపోలేదు.

ఇంకో అలవాటుండేది నానాకి. అది ఒక్క ఆమెదే కాదు, మా అందరిదీ. ఏటినుంచో అడవినుంచో కొత్తచోటునుంచో పిల్లని తీసుకుని బయల్దేరేటప్పుడు, పిల్ల ప్రాణం అక్కడే ఆటల్లో పడి ఉండిపోతుందేమోనని పేరుపెట్టి పిలుస్తాం. “రా, వెళ్దాం రా, ఇక్కడే ఉండిపోకు,” అంటాం. మేం ఒక్కసారి అని ఊరుకుంటే, నానా సంతనుంచి ఇంటికొచ్చేలోపు వంతెన దగ్గరా, మలుపు దగ్గరా, సోడాబండి దగ్గరా పిలుస్తూనే ఉండేది.

అలాంటి మనిషి కూతుర్ని హాంకాంగ్ పంపుతానంటే మేం నమ్మలేదు. అప్పటికి నేను మనీలాలో దర్జీ దుకాణంలో కుట్టుపని చేస్తూ ఒక గది అద్దెకి తీసుకుని ఉంటున్నాను. మా ఊళ్ళోంచి ఆడపిల్లలు ఒక్కొక్కరే హాంకాంగ్‌కి ఇంటిపనులకి వెళ్తున్న రోజులవి. డొమింగా తనూ వెళ్తానంది. దానికి డబ్బు యావకంటే, వానలో తడవాలనే కోరికే ఎక్కువని నా అనుమానం. నేను పండక్కి ఊరెళ్ళినప్పుడు నానాని అడిగాను.

“నిజంగా పంపుతావా? అక్కడ గిన్నెలు తోముతుంది, బట్టలుతుకుతుంది. రోజంతా చేతులు నీళ్ళలోనే నానా.”

“తోమనీ.”

“తువ్వాలు ఎవరు దోపుతారు?”

“వేళాకోళమాడకు.” జడ అల్లడం ఆపి గొంతు తగ్గించింది. “సముద్రం దాటిందనుకో, అది దీన్ని ఎక్కడని వెతుకుతుందే? ఇక్కడైతే దానికి మన వీధి తెలుసు, మన మెట్లు తెలుసు. అక్కడి భాష కూడా దానికి రాదు.”

ఇరవయ్యేళ్ళు దాటినా ఆ జబ్బు ఇంకా మా వీధిలోనే తచ్చాడుతోందని ఆమె నమ్మకం. నాకు నవ్వొచ్చింది, అంతలోనే పోయింది. అన్నేళ్ళుగా ఆమె సుఖంగా ఊపిరి పీల్చుకోలేదని అప్పుడు తెలిసింది.

డొమింగా మనీలా వచ్చింది. అరటాకులో కాల్చిన కొబ్బరి రొట్టెలు, ఒక వెల్లుల్లి జడ, రెండు తువ్వాళ్ళు తెచ్చింది. పనికి పంపే ఏజెన్సీవాళ్ళు ముందు వైద్యపరీక్షకి పొమ్మన్నారు. నేను సెలవు పెట్టి తోడు వెళ్ళాను. వరండా నిండా ఆడపిల్లలు. ఒక నర్సు గట్టిగా అడుగుతోంది: ఉబ్బసం? మూర్ఛ? కామెర్లు? టీబీ? ఆపరేషన్లు? పిల్లలందరూ చర్చిలో జపం చెప్పినట్టు లేదు, లేదు, లేదు అంటున్నారు. మా పిల్ల వంతొచ్చింది. టీబీ దగ్గర కూడా కళ్ళార్పకుండా లేదంది. నేను దానివైపు చూశాను. అది నావైపు చూడలేదు.

ఎక్స్‌రే తీశారు. కాసేపటికి లోపలికి రమ్మన్నారు. డాక్టరమ్మ లావుగా, నెమ్మదిగా ఉంది. బల్లమీద వేయించిన పల్లీలు పెట్టుకుని నములుతోంది. ఫిల్మును వెలుతురుకి పెట్టి వేలితో చూపించింది.

“ఇక్కడ మచ్చ ఉంది. చిన్నప్పుడు టీబీ వచ్చిందా?”

“లేదపో.”

“దీర్ఘంగా దగ్గు, జ్వరం? సూదులు?”

“లేదపో. నాకు రాలేదు.”

డాక్టరమ్మ పల్లీలు పక్కకి నెట్టింది. “చూడమ్మా, అబద్ధాలు చెప్పేవాళ్ళు రోజుకి బోలెడుమంది వస్తారు. వాళ్ళ మొహాలు నాకు తెలుసు. నీ మొహం అలా లేదు. అదే నాకర్థం కావట్లేదు. పాతమచ్చ ఉండటం నేరమేం కాదు. ఎప్పుడొచ్చింది, ఏ మందు వాడారు, పూర్తిగా వాడారా లేదా అని తెలిస్తే, కళ్ళె పరీక్ష చేయించి, బాగుంటే బాగుందని రాస్తాను. అసలేమీ రాలేదంటే ఇది కొత్తదో పాతదో నాకేం తెలుసు? తెలీకుండా సంతకం పెట్టను. తెలిసినవాళ్ళెవరినైనా తీసుకురా. లేదంటే ఇంతే సంగతులు.”

బయటికొచ్చాక అరటిపళ్ళు పంచదారలో వేయించే బండి దగ్గర దాన్ని ఆపాను. నా కోపం నషాళానికి అంటింది.

“ఏమే, నోట్లో ముల్లు గుచ్చుకుందా? వచ్చింది, తగ్గిపోయిందని చెప్తే నీ సొమ్మేం పోయేది?”

“నాకు రాలేదు మనంగ్.” మావైపు అక్కని మనంగ్ అంటాం.

“నీకు కాకపోతే మీ మేకకొచ్చిందా? నీతో దాగుడుమూతలు ఆడింది నేను!”

“అది వేరే పిల్ల.”

“మీ అమ్మ మాట్లాడినట్టే మాట్లాడకు. పాతికేళ్ళు దాటాయి నీకు.”

అరటిపండు పుల్ల చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. పాకం కారి వేళ్ళమీద పడుతోంది. వేళ్ళు తుడుచుకుని, “నాకూ తెలుసు మనంగ్,” అంది. “ఆ పిల్ల నేనేనని తెలీనంత వెర్రిదాన్ని కాదు. కానీ నేను నోరు తెరిచి ఒప్పుకున్నానని అమ్మకి తెలిస్తే ఏమవుతుంది? నేనక్కడ తుమ్మితే ఆవిడ ఇక్కడ తిండి మానేస్తుంది. నేను దగ్గర ఉంటే కనీసం నుదురు పట్టుకుని చూసుకుంటుంది. అంత దూరాన ఏం పట్టుకుంటుంది? నాకొద్దు ఈ ఉద్యోగం. ఇంటికెళ్ళిపోతా.”

నేను కోపిష్ఠిదాన్నే కానీ రాయిని కాదు. దానికి మాట చెప్పకుండా, మర్నాడు పొద్దున్న మా ఊరి బస్సు కండక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఊరికి కబుర్లన్నీ అతని నోటిమీదే వెళ్ళేవి. ఎక్స్‌రేలో పాతమచ్చ కనిపించిందని, డాక్టరమ్మ తెలిసినవాళ్ళని రమ్మంటోందని, నానాకి చెప్పమన్నాను. ఆమె రాదనే అనుకున్నాను. మా జిల్లా దాటి ఎప్పుడూ వెళ్ళిన మనిషి కాదు.

తిరుగు బస్సులోనే దిగింది. నెత్తిన గంప, చంకలో దుప్పటి చుట్టిన మూట, కాళ్ళకి రబ్బరు చెప్పులు. “ఈ ఊళ్ళో ముక్కెలా పెట్టుకుని బతుకుతున్నారే?” అన్నది మనీలాలో ఆమె మొదటి మాట. డొమింగా ఆమెని చూసి ముందు తెల్లబోయింది, తర్వాత నామీద నిప్పులు కక్కింది. నానా దాన్ని పట్టించుకోకుండా నుదురు తడిమి, వీపు తడిమి, చాప మీద కూర్చుంది.

“ఆ డాక్టరుకి ఏం కావాలిటా?” అని నన్నడిగింది.

“నిజం కావాలి నానా.”

“చెప్తే పంపుతుందా?”

“పరీక్షలు బాగుంటే పంపుతుంది. చెప్పకపోతే అసలే పంపదు.”

“జబ్బు ఎవరికొచ్చిందని అడుగుతుందా?”

“అడక్క? ఎవరికొచ్చిందో తెలీకుండా రాసుకుంటుందా?”

నానా దుప్పటి మూటని దగ్గరికి లాక్కుంది. “డొమింగా, సందు చివర కొట్లో వెనిగర్ పట్రా. ఈ పిల్ల వంటింట్లో ఏమీ లేదు,” అంది. నా వంటింట్లో వెనిగర్ సీసా నిండుగా ఉంది. డొమింగా గొణుక్కుంటూ వెళ్ళింది.

అది మెట్లు దిగిందో లేదో, నానా దుప్పటి మూట విప్పింది. లోపల చెక్కపళ్ళెం ఉంది.

“పట్టుకో,” అంది.

“ఎందుకు?”

“నా నెత్తిమీద పట్టి నీళ్ళు పొయ్యి. నాకు పేరు పెట్టు.”

“నానా, నాకివన్నీ రావు. నేను నమ్మను కూడా.”

“నిన్నెవరు నమ్మమన్నారు? నీళ్ళు పొయ్యమన్నా. ఆ పేరు ఊరికే గాల్లో తిరుగుతుంటే ఎవరు పిలిచినా అది డొమింగా మీదికే పోతుంది. ఎవరో ఒకళ్ళు దానికి పలకాలి. నేను పలుకుతా.”

“ఆ జబ్బు నిజంగానే నీ దగ్గరికొస్తే?”

“రానీ. నా ఒంట్లో దానికి తినడానికేం మిగిలింది? ఎముకలూ, నోరూ.”

నవ్వుతూనే అంది. చెంబుతో కుళాయి నీళ్ళు పట్టి, పళ్ళెం మీద పోశాను. ఆమె నెరిసిన జుట్టులోంచి నీళ్ళు కారి నా గది నేలంతా తడిసింది. పేరు పెట్టవే, పెట్టవే అని మోచేత్తో పొడుస్తోంది. చిన్నప్పుడు మూతిమీద మిరపకాయ రుద్దించుకున్న ఆ పేరునే, ఆమె చెవిలో నేను చెప్పాను. ఆమె “ఆఁ” అని పలికింది. నేను నమ్మను గానీ, ఏడ్చాను. ఆ మాట దాచుకోవడం ఎందుకు?

డాక్టరమ్మ దగ్గర నానా కుర్చీలో కూర్చోనంది. నిలబడే చెప్పింది. పిల్లకి ఆరో ఏట వచ్చిందని, పక్క పట్టణంలో కన్యాస్త్రీలు సూదులు వేశారని, మాత్రలు కూడా ఇచ్చారని, మళ్ళీ ఎండకాలం వచ్చేదాకా వాడిందని, ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ దగ్గు రాలేదని, అన్నీ చెప్పింది.

“మరి అమ్మాయి రాలేదని ఎందుకంది?” అంది డాక్టరమ్మ.

“అప్పుడు దాని పేరు వేరపో. అరోరా.”

గట్టిగా అంది. గోడకానుకుని నిలబడ్డ డొమింగా ఉలిక్కిపడింది. తన చిన్నతనం తర్వాత ఆ పేరు తల్లి నోట వినడం దానికి అదే మొదలు. డాక్టరమ్మ తల పంకించింది. ఆమెది ఏ ప్రాంతమో నాకు తెలీదు గానీ, “మా అన్నయ్యకి కూడా మూడు పేర్లు,” అంది నెమ్మదిగా. “ఇదే మొదటిరోజు చెప్పి ఉంటే నీకు బస్సు ఖర్చు తప్పేదమ్మా.” కళ్ళె పరీక్షకి రాసిచ్చింది.

గుమ్మం దాటబోతూ నానా ఆగింది. వరండాలో పిల్లలందరూ చూస్తున్నారు. ఆమె వెనక్కి తిరిగి, ఖాళీగా ఉన్న ఆ గదివైపు చెయ్యి ఊపుతూ, “రా, వెళ్దాం రా, ఇక్కడే ఉండిపోకు. అరోరాని నేనే. నాతో రా,” అంది. సంతనుంచి వచ్చేటప్పుడు కూతురి ప్రాణాన్ని పిలిచిన గొంతే అది. ఈసారి పిలిచింది కూతుర్ని కాదు, ఆ జబ్బుని.

డొమింగాకి అప్పుడర్థమైంది. తల్లి భుజం పట్టుకుని కుదిపేసింది.

“అమ్మా! ఏం చేశావు? ఎవరడిగారు నిన్ను?”

“అరవకే, పరువు తక్కువ. ఆ పేరంటే నాకు మొదటినుంచీ ఇష్టం. ఏరి కోరి నేనే పెట్టుకున్నా. వాడేవాళ్ళు లేక ఊరికే పడుంటే తీసుకున్నా. నీకేం నష్టం?”

డొమింగా ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడం కష్టం. పక్కనున్న పిల్లలు తలా ఒక చేతిరుమాలు ఇచ్చారు.

పరీక్షలు బాగున్నాయి. డాక్టరమ్మ పాతజబ్బు అని, పూర్తిగా నయమైందని రాసి సంతకం పెట్టింది. ఉన్నమాట రాసినందుకు మొదట ఒప్పుకున్న యజమాని వద్దన్నాడు. డొమింగా రెండు నెలలు నా గదిలో గుండీలు కుడుతూ ఎదురుచూసింది. తర్వాత ఒకావిడ ఒప్పుకుంది. కాగితం చదివి, ఇప్పుడు బాగుంది కదా అని మాత్రం అడిగిందట. అక్కడ డొమింగా మొదటి సెలవురోజున పార్కులో వానలో గొడుగు లేకుండా నిలబడి ఫోటో తీయించుకుని పంపింది. నానా దాన్ని చూసి ఫోటోని తువ్వాలుతో తుడిచింది.

ఊరొచ్చాక నానా ఇంటింటికీ తిరిగి చెప్పింది: ఇకమీదట నన్ను అరోరా అని పిలవండి. ఇరవయ్యేళ్ళు ఎత్తితే మిరపకాయే అన్న పేరుని ఇప్పుడు ఎత్తకపోతే తిట్టేది. ఊరిది ఏం పోయింది? పిలిచారు. పిల్లలు మరీ సరదాగా పిలిచేవాళ్ళు. వెల్లుల్లి గుట్టల మధ్యనుంచి “ఓయ్” అని పలికేది, ఆ పలుకు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. జలుబు చేసిందంటే ఇక పట్టపగ్గాలుండేవి కావు. ముక్కు చీదుకుంటూ మా ఇంటికొచ్చి, “చూశావా ఫెర్మీ, తోవ కనుక్కుని వచ్చేసింది. నన్నే పట్టుకుంది,” అని మురిసిపోయేది. మామూలు జలుబు నానా అంటే కోపమొచ్చేది. నేను అనడం మానేశాను.

డొమింగా చాలా ఏళ్ళు అక్కడ పనిచేసింది. ఒక్కనాడు మంచాన పడలేదు. ఆ ఇంటి పిల్లలిద్దరూ దాని చేతుల్లోనే పెరిగారు. మధ్యమధ్యలో సెలవు మీద వచ్చి వెళ్ళేది. ఊరొచ్చినప్పుడల్లా తల్లిని కొత్తపేరుతో పిలవడానికి దానికి నోరు రాలేదు. అమ్మా అని మాత్రం అనేది.

మనీలా వదిలేసి నేను ఊరికి తిరిగొచ్చాక, ఒక ఏడు డొమింగా సెలవులో ఉండగానే నానాకి ఆయాసం మొదలైంది. వయసు మీదపడింది, గుండె నీరసించింది, అంతే. పట్టణం ఆసుపత్రిలో చేర్చాం. కిటికీ పక్క మంచం దొరికింది. మధ్యాహ్నం ఒక చిన్న నర్సు వచ్చి మంచం పక్కన కూర్చుని, నెమ్మదిగా వివరాలడిగింది. పేరు అడిగితే అరోరా అంది. డొమింగా నావైపు చూసింది. నేను భుజాలెగరేశాను.

“ఇంతకుముందు పెద్ద జబ్బులేమైనా చేశాయా అపో?”

“చేసింది. చిన్నప్పుడు టీబీ వచ్చింది నాకు.”

డొమింగా ఏదో అనబోయింది. నానా దానివైపు చూడకుండానే చెయ్యి పట్టుకుని నొక్కింది.

“అయ్యో. మందులు పూర్తిగా వాడావా, మధ్యలో మానేశావా?”

“మా అమ్మ మాననిస్తుందా?” అంది నానా. ఆయాసపడుతూనే మొహమంతా వెలుగు. “సూది రోజొస్తే వానైనా వరదైనా నన్ను వీపుకి కట్టుకుని ఏరు దాటేది. నీళ్ళు మెడదాకా వచ్చేవి. నేను ఏడుస్తుంటే కథలు చెప్పేది. కాస్త నోరెక్కువగానీ, మంచి మనిషి.”

నర్సు నవ్వుతూ రాసుకుని, ఇదంతా నిజమేనా అన్నట్టు డొమింగావైపు తలెత్తింది.

“అవునమ్మా, రాసుకో,” అంది డొమింగా. “వాళ్ళమ్మ ఒక్క సూది కూడా మాననివ్వలేదు. నేను చూశాను.”